మెట్ల కింద మాయమైన మ్యాట్

కాన్ తాత చనిపోయింది ఉదయం 7:52కి, ఆసుపత్రిలో.

అతన్ని చంపిన అడుగు మాత్రం అంతకు ముందే పడింది. 7:06కీ 7:12కీ మధ్య. హోయ్ పాక్ ఎస్టేట్ అనే అపార్ట్‌మెంట్ల సముదాయం, రెండో బ్లాక్, కింది లాబీలో. మార్చి నెల, మంగళవారం.

డెబ్భై ఆరేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లు ఫెర్రీల్లో ఇంజన్ చూసినవాడు. రోజూ లాగే రోడ్డవతల టీ తాగడానికని మొదటి అంతస్తు నుంచి మెట్లు దిగాడు. తలుపు వైపు అడ్డదారిన నడిచాడు. లాబీ మధ్యలో కాలు జారింది. స్తంభం అడుగున ఉన్న రాతి అంచుకి తల తగిలింది.

చూసినవాళ్లు లేరు. చప్పుడు విని బయట నుంచి పరిగెత్తుకొచ్చినవాడు చేపల చోయ్. అప్పుడు టైం 7:12. అంబులెన్స్ 7:19కి వచ్చి, 7:24కి తీసుకెళ్లిపోయింది. 7:26కి కానిస్టేబుల్ యిప్ లాబీ మొత్తం ఫోటోలు తీశాడు.

డిటెక్టివ్ సార్జెంట్ మోక్ సౌలిన్ 7:40కి లోపల అడుగుపెట్టింది. పెట్టగానే తనూ సర్రున జారింది. యిప్ భుజం పట్టుకుని నిలదొక్కుకుంది.

"నవ్వావంటే ట్రాఫిక్‌కి పంపిస్తా," అంది.

యిప్ నవ్వలేదు. ఉద్యోగం మీద ఆశ ఉన్నవాడు.

నేలకి చెమట పట్టింది. చలి తగ్గి, సముద్రం మీంచి దక్షిణపు గాలి తిరిగే రోజులవి. గాలి వెచ్చగా ఉంటుంది, నేల ఇంకా చల్లగానే ఉంటుంది. గోడలు కారతాయి. అద్దాలు తెల్లబడతాయి. ఉతికిన బట్టలు వారమైనా ఆరవు. జనం తిట్టుకుంటూ గడిపేస్తారు. టైల్స్ మీద మాత్రం సన్నటి నీటి పొర పేరుకుంటుంది. కంటికి అది మెరుపు. తడి అని కాలికే తెలుస్తుంది.

ఇలాంటి రోజున ఒక ముసలాయన జారిపడితే డిటెక్టివ్ ఎందుకు? మోక్ కూడా అదే అడిగింది.

"క్లీనర్ ఒక మాట అంటోంది మేడమ్," అన్నాడు యిప్. "మ్యాట్ పరిచిందట. రెండు పసుపు బోర్డులు కూడా పెట్టిందట. ఇక్కడ ఏవీ లేవు."

"మరెక్కడున్నాయి?"

"పక్క స్టోర్ రూంలో. మ్యాట్ చుట్టి ఉంది. బోర్డులు మడిచి ఉన్నాయి. గదికి తాళం."

"సీసీ కెమెరా?"

"లెన్స్ మీద ఆవిరి. నాలుగున్నర నుంచి అంతా తెలుపే."

"ఇక్కడి జనం?"

"పదకొండు మందిని అడిగాను. ఏడుగురు మ్యాట్ ఉందన్నారు. నలుగురు చూడలేదన్నారు. ఆ ఏడుగురిలో కూడా కొందరు ఇవాళో నిన్నో తేల్చుకోలేకపోతున్నారు. వారం నుంచీ రోజూ ఉంటోంది కదా. రోజూ ఉండేదాన్ని ఎవరు చూస్తారు?"

మోక్ అతని కెమెరా తీసుకుని ఫోటోలు తిప్పింది. నేలంతా తళతళ. గోడ వారగా మాత్రం పొడుగాటి చార ఒకటి, మెరుపు లేకుండా, మసకగా.

"ఇదేంటి?"

"అంబులెన్స్ వాళ్లు స్ట్రెచర్ పెట్టుంటారు మేడమ్."

"ఊఁ," అని కెమెరా తిరిగిచ్చేసింది. మన సార్జెంట్ పప్పులో కాలేసింది ఇక్కడే.

*

క్లీనర్ల గది మెట్ల కింద ఉంటుంది. గది అనడం మర్యాద కోసం. నిటారుగా నిలబడితే తల తగులుతుంది.

9:30. లోపల ఇద్దరు ఆడవాళ్లు.

ఒకామె లుయి క్వాయ్‌హింగ్. అరవై రెండేళ్లు. ఈ ఎస్టేట్‌లో ఇరవై రెండేళ్లుగా నేల తుడుస్తోంది. అందరికీ హింగక్క. రెండో ఆమె ఫోంగ్, యాభై ఒకటి. ఇప్పుడు సూపర్‌వైజర్. పంతొమ్మిదేళ్ల కిందట ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు ఆమె చేతికి మాప్ కర్ర ఇచ్చి, పట్టుకోవడం నేర్పింది హింగక్కే. తోడబుట్టినవాళ్లు కారు. కానీ కొత్త సంవత్సరం రోజు రాత్రి ఫోంగ్ అన్నం తినేది హింగక్క ఇంట్లోనే.

ఫోంగ్ ఫ్లాస్కులోంచి వేడి సూప్ గిన్నెలోకి వంచి హింగక్క ముందు పెట్టింది. హింగక్క ముట్టుకోలేదు.

"ఎన్నింటికి వచ్చారు?" మోక్ మొదలుపెట్టింది.

"నాలుగూ నలభైకి."

"రాగానే ఏం చేశారు?"

"సముద్రం వైపు తలుపులు మూసేశాను. తెరిచుంటే తేమంతా లోపలికే. నాలుగూ యాభైకి మ్యాట్ పరిచాను. ఆఖరి మెట్టు దగ్గర నుంచి గోడ వారగా, తలుపు దాకా. మధ్యలోకి ఎవరూ పోకుండా రెండు బోర్డులు అడ్డం పెట్టాను."

"నేల తడిగుడ్డతో తుడిచారా?"

హింగక్క మోక్‌ని జాలిగా చూసింది. "ఈ రోజుల్లో తడిగుడ్డ పెడతారా మేడమ్ ఎవరైనా? మామూలు రోజైతే సగం తుడుస్తాం, సగం పొడిగా ఉంచుతాం, జనం నడవడానికి. ఇది ఆరాకే అది. చెమట రోజుల్లో పొడి మాపు ఒక్కటే, గంటకోసారి. సబ్బు చుక్క కూడా వెయ్యను. మెట్ల అంచులు చేత్తో తుడుస్తాను."

"ఆఖరిసారి ఎప్పుడు?"

"ఆరూ నలభైకి. ఆరూ యాభైకి మూడో బ్లాక్ చెత్త గదికి వెళ్లాను. ఏడుంబావుకి తిరిగొచ్చేసరికి..." ఆమె ఆగిపోయింది. "రోజూ పలకరించేవాడు మేడమ్. 'ఏం హింగ్, ఇవాళైనా నన్ను పడేస్తావా లేదా' అనేవాడు."

మూడో బ్లాక్ కెమెరా బాగానే ఉంది. అందులో హింగక్క 6:52కి లోపలికి వెళ్లి, 7:13కి బయటికొచ్చింది. ఆ విషయం మోక్ అప్పటికే చూసుకుంది.

"స్టోర్ తాళంచెవి?"

"నా దగ్గరొకటి. ఫోంగ్ దగ్గరొకటి."

మోక్ ఫోంగ్ వైపు తిరిగింది. ఫోంగ్ కళ్లు తుడుచుకుంది.

"చెప్పక తప్పదు మేడమ్. ఇవాళ పదింటికి ఓనర్ల కమిటీ ఇన్‌స్పెక్షన్. ఏడూ ఆరుకి నేనిక్కడికి వచ్చి లాబీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అప్పటికి మ్యాట్ లేదు. బోర్డులూ లేవు. అక్క వచ్చి పరుస్తుందిలే అనుకుని అయిదో బ్లాక్‌కి వెళ్లిపోయాను. నేనే పరిచుంటే ఆయన బతికేవాడు. ఆ తప్పు నాదే."

ఫోన్ చూపించింది. స్తంభం, తలుపు, అద్దంలా మెరిసే నేల. మ్యాట్ లేదు. బోర్డు లేదు. పైన టైం, 7:06.

"నేను పరిచాను ఫోంగ్," అంది హింగక్క.

"పరిచానని అనుకుంటున్నావక్కా." ఫోంగ్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "పోయిన నెల లిఫ్టులో బకెట్ వదిలేశావు, గుర్తుందా? మొన్న తాళంచెవి జేబులోనే పెట్టుకుని గంట వెతికావు. వయసక్కా. ఎవరికైనా వస్తుంది. ముందు సూప్ తాగు, చల్లారిపోతోంది."

హింగక్క గిన్నె అందుకుంది.

*

చేపల చోయ్ లావుగా, గట్టిగా మాట్లాడే మనిషి. రబ్బరు బూట్ల నిండా పొలుసులు.

"నీ బండి నుంచి నీళ్లు కారాయటగా?" అంది మోక్.

"ఐస్ కదా మేడమ్. కారకపోతే పాటలు పాడుతుందా?"

"లాబీలోకి వచ్చావా?"

"చప్పుడు విన్నాక వచ్చాను. బండి వెనక ర్యాంప్ మీదే ఉంది. లాబీలోకి తెస్తే ఇంకేమన్నా ఉందా? ఒకసారి గుమ్మంలో నాలుగు చుక్కలు పడ్డాయని హింగక్క నాచేతే తుడిపించింది. మొత్తం గుమ్మం. మోకాళ్ల మీద."

"ఆవిడ మ్యాట్ వెయ్యడం మర్చిపోయి ఉంటుందా?"

"నేను చేపలు తీసుకోకుండా బజారుకి వెళ్లినరోజు ఆ మాట నమ్ముతాను."

ఎస్టేట్ నడిపే కంపెనీ మేనేజర్ హుయ్ మాత్రం ఇట్టే నమ్మేశాడు. నలభై దాటినవాడు, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"జాలిపడి ఉంచాం మేడమ్. ఈ వయసులో పని ఎవరిస్తారు? చివరికి ఇలా అయ్యింది. సస్పెండ్ చేశాం. స్టేట్‌మెంట్ టైపు చేయించాను. 'మ్యాట్ వెయ్యడం మర్చిపోయాను' అని. బుధవారం మూడింటికి సంతకం పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది."

"ఎవరికి వదిలిపోతుంది?"

హుయ్ రెండో ఫోన్ మోగింది. హాయిగా ఎత్తుకున్నాడు.

మధ్యాహ్నం కాన్ తాత కూతురు ఈలాన్ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. నేరుగా హింగక్క ముందుకి వెళ్లి నిలబడింది.

"చాప పరవడం కూడా చేతకాదా నీకు? మా నాన్నని నువ్వే చంపావు."

హింగక్క తల ఎత్తలేదు. కాదని కూడా అనలేదు. మోక్‌కి ఒళ్లు మండింది ఆ అనకపోవడం చూసే.

*

బుధవారం, 11:00. హింగక్క పోలీస్ స్టేషన్‌కి తనంతట తనే వచ్చింది.

"రాసుకోండి మేడమ్. మర్చిపోయానేమో."

"ఏమో అంటే?"

"పరిచినట్టే గుర్తు. కానీ అది నిన్నటి గుర్తో మొన్నటిదో చెప్పలేకపోతున్నాను. నిన్నంతా ఫోంగ్ నాతోనే కూర్చుంది. ఒక్కొక్కటీ అడిగింది. ఏ చేత్తో పరిచావు, ఏ చివర ముందు వేశావు అని. చెప్పలేకపోయాను."

"నేను ఇవాళ పళ్లు ఏ చేత్తో తోముకున్నానో నాకూ తెలీదు," అంది మోక్.

"ఇంకెవరైనా అంటే కొట్టిపారేసేదాన్ని మేడమ్. ఫోంగ్‌కి నా మీద అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది? క్షమాపణ అడిగితే కంపెనీ చూసీ చూడనట్టు పోతుందని తనే మాట్లాడిపెట్టింది." ఆమె గొంతు తగ్గింది. "జైలుకి భయపడను. ఇన్నేళ్లలో నా నేల మీద ఒక్కరు పడలేదు. నిజంగా నేనే మర్చిపోయి ఆయన్ని చంపేశానా? అది తేలక చస్తున్నాను."

మోక్ పెన్ను పక్కన పెట్టింది. ఆమెకి అసలే ఓపిక తక్కువ. కానీ ఎదుటి మనిషి నేరం ఒప్పుకుంటుంటే మొదటిసారి చిరాకేసింది.

"నడవండి. మీరు పని ఎలా చేస్తారో చూపించండి."

లాబీలో హింగక్క బదులు వచ్చిన క్లీనరు పొద్దుటే మ్యాట్ పరిచి ఉంచింది. హింగక్క దాన్ని చూడగానే చిరచిరలాడింది. "అంచు లేచింది చూడండి. దీనికే తట్టుకుని పడతారు." వంగింది. మ్యాట్‌ని ఒక చివర నుంచి ఎత్తి, సగానికి మడిచి, విదిలించి, మళ్లీ పరిచింది. గోడకి వేలెడు దూరం వదిలి, మెట్టుకి ఆనించి. ఆ చేతులు దేన్నీ ఆలోచించుకోలేదు.

మోక్ ఆ చేతుల్ని చూడలేదు. నేల చూసింది.

తర్వాత మ్యాట్ పక్కన నడుస్తూ బూటు కొనతో టైల్స్ లెక్కపెట్టింది. టైలు ఒక అడుగు. మొత్తం పద్నాలుగు. యిప్‌కి ఫోన్ చేసింది.

"స్ట్రెచర్ పొడవెంత?"

"ఆరున్నర అడుగులుంటుంది మేడమ్. ఎందుకు?"

"గాడిద," అంది మోక్. ఆ తిట్టు యిప్‌కి కాదు, తనకే. ఫోన్ పెట్టేసి హింగక్క వైపు తిరిగింది. "ఇవాళ సంతకం పెట్టకండి. రేపు పొద్దున్న నాలుగూ నలభైకి ఇక్కడికి రండి."

"నన్ను పని నుంచి తీసేశారు కదా?"

"వాళ్ల పనికి కాదు. నా పనికి."

*

గురువారం, 7:00. గాలి ఇంకా దక్షిణం నుంచే వీస్తోంది. లాబీ గోడలు కారుతున్నాయి.

ఆరుగురు నిలబడ్డారు. హుయ్, ఫోంగ్, చోయ్, ఈలాన్, యిప్, హింగక్క. జనాన్ని కాసేపు వెనక ర్యాంప్ మీంచి పంపిస్తున్నారు. హింగక్క మ్యాట్ పరిచింది 4:50కి. అప్పటి నుంచీ ఎవరూ కదపలేదు.

మోక్ గడియారం చూసుకుంది. 7:06.

"ఫోంగ్. మ్యాట్ తియ్యండి."

"నేనా?"

"మీరే."

ఫోంగ్ వంగి మ్యాట్ చుట్టింది. కింద నేల బయటపడింది. చుట్టూ నేలంతా మెరుస్తోంది. మ్యాట్ ఉన్నంత మేరా మెరుపు లేదు. పొడిగా, బూడిదరంగులో, స్కేలు పెట్టి గీసినట్టు ఒక చార. ఆఖరి మెట్టు దగ్గర నుంచి తలుపు దాకా.

"హింగక్కా, ఇదేంటో చెప్పండి."

"మ్యాట్ కిందికి గాలి పోదు మేడమ్. గాలి తగలని నేలకి చెమట పట్టదు." ఆమె మామూలుగా చెప్పింది, అందరికీ తెలిసిందే అన్నట్టు. "తీసేస్తే అంచుల నుంచి తడవడం మొదలుపెడుతుంది. అరగంటకి అంతా ఒకటే అయిపోతుంది."

"మీకు ఈ కేసు ఫోటోలు ఎవరైనా చూపించారా?"

"లేదు. ఫోంగ్ ఫోన్‌లోది దూరం నుంచి చూశాను. కళ్లజోడు లేదు."

"అదే మా తప్పు. ఆ నేల గురించి తెలిసిన ఒక్క మనిషికీ ఆ ఫోటోలు చూపించలేదు." మోక్ ట్యాబ్లెట్ పైకెత్తింది. "ఇది మంగళవారం 7:26కి యిప్ తీసింది. గోడ వారగా చార ఉంది. అంచులు తడిసి కరిగిపోయాయి. స్ట్రెచర్ ముద్ర అనుకున్నాం. టైల్స్ లెక్కపెట్టుకోండి. పద్నాలుగు. ఈ ఊళ్లో పద్నాలుగు అడుగుల స్ట్రెచర్ లేదు. అంటే మంగళవారం ఇక్కడ మ్యాట్ ఉంది. నేలకి చెమట పట్టకముందు నుంచీ ఉంది."

హింగక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"పరిచి, వెళ్లేముందు తనే తీసేసిందేమో?" అన్నాడు హుయ్.

"మంచి ప్రశ్న. దానికి జవాబు ఫోంగ్ ఇచ్చిన ఫోటోలోనే ఉంది." మోక్ రెండో బొమ్మ తెరిచి పెద్దది చేసింది. "7:06. ఇదీ చార. అంచు చూడండి, ఇప్పుడు నేల మీద ఉన్న దానిలాగే కత్తితో కోసినట్టుంది. హింగక్క వెళ్లింది 6:50కి. అప్పుడే తీసుంటే పదహారు నిమిషాల్లో ఈ అంచు తడిసిపోయేది. కాబట్టి మ్యాట్ తీసింది ఫోటోకి నిమిషం ముందు. ఆ నిమిషంలో హింగక్క మూడో బ్లాక్‌లోనే ఉందని అక్కడి కెమెరా చెబుతోంది. స్టోర్ తాళాలు రెండే. రెండోది ఎవరి దగ్గరుంది?"

అందరి చూపూ ఒకే చోటికి పోయింది.

"అయ్యో," అన్నాడు చోయ్ మెల్లగా. "నువ్వా ఫోంగ్?"

ఫోంగ్ చేతిలోని మ్యాట్ చుట్ట నేల మీద పడింది.

"హుయ్ గారి ఫోన్ నుంచి 6:58కి ఫోంగ్‌కి ఒక మెసేజ్ వెళ్లింది," మోక్ చదివింది. "'కమిటీకి పంపాలి. మ్యాట్లు, బోర్డులు కనిపించకూడదు. నేల మెరవాలి. 7:10 లోపు.' 7:07కి ఫోన్ కూడా చేశారు. అయిదో బ్లాక్ ఫోటో వెంటనే కావాలని."

హుయ్ రెండు ఫోన్లూ జేబులో పెట్టేసుకున్నాడు. "ఫోటో కోసం తియ్యమన్నాను. మళ్లీ పెట్టొద్దని నేననలేదు."

"ఆ మాట కోర్టులో చెబుదురుగాని."

ఈలాన్ ఆ పొడి చార వైపు చూస్తూ నిలబడింది. "అంటే నడవడానికి దారి ఇక్కడే ఉంది," అంది. "పొడిగానే ఉంది. మ్యాట్ లేక నాన్నకి తెలీలేదు." ఆమె హింగక్క ముందుకి వచ్చి తల వంచింది. వంచి చాలాసేపు అలాగే ఉండిపోయింది. హింగక్క ఆమె భుజం తట్టి లేపింది.

ఫోంగ్ ఏడుస్తోంది. మొన్నటి ఏడుపు కాదు. ముక్కు తుడుచుకోవడం కూడా మర్చిపోయిన ఏడుపు.

"ఒక్క నిమిషమే అనుకున్నానక్కా. ఫోటో తీసి వెయ్యబోతుంటే ఫోన్ వచ్చింది. అయిదు నిమిషాల్లో తిరిగొద్దామనుకున్నాను. వచ్చేసరికి అంబులెన్స్ ఉంది. ఏం చెయ్యాలో తోచలేదు. నా ఉద్యోగం పోతుంది, నన్ను జైల్లో పెడతారు... నీకైతే వయసైంది, వదిలేస్తారనుకున్నాను."

"మ్యాట్ తీశావు. అందరూ తీస్తారు ఫోటోల కోసం," అంది హింగక్క. ఆమె గొంతు పెరగలేదు. "వచ్చి, 'అక్కా, నేను తీశాను, మర్చిపోయాను' అనుంటే నీ పక్కన నిలబడేదాన్ని. నాతో పాటు నువ్వూ తిట్లు తినేదానివి. అంతే కదా."

"అక్కా..."

"నువ్వలా చెయ్యలేదు. రెండు రోజులు నా ఎదురుగా కూర్చుని నాకు మతి పోయిందని చెప్పావు. గిన్నెలో సూప్ పోస్తూ చెప్పావు. నేనే ఆయన్ని చంపానని నమ్మాను. ఎందుకు నమ్మానో తెలుసా? చెప్పింది నువ్వు కాబట్టి."

మోక్ యిప్‌కి సైగ చేసింది. తప్పుడు స్టేట్‌మెంట్, ఇంకా ఏయే సెక్షన్లో స్టేషన్‌లో చూసుకోవచ్చు.

7:31. మొదటి అంతస్తులో తలుపు తీసిన చప్పుడు. ఎవరో ర్యాంప్ సంగతి తెలియక మెట్ల మీంచే దిగుతున్నారు. కర్ర ఊతంతో, నెమ్మదిగా.

"ఆగండి, అక్కడే ఆగండి!" అని కేకేసింది హింగక్క. మ్యాట్ చుట్ట దగ్గరికి ఉరికింది. పద్నాలుగు అడుగుల రబ్బరు, బరువుగా ఉంటుంది. ఫోంగ్ అలవాటుగా వంగి రెండో చివర పట్టుకుంది.

"వదులు," అంది హింగక్క.

ఫోంగ్ వదిలేసింది. హింగక్క మ్యాట్‌ని ఒక్కతే మెట్ల దాకా ఈడ్చుకెళ్లి, పరిచి, అంచు కాలితో అదిమి, పైకి చూసింది.

"ఇప్పుడు రండి పెద్దమ్మా. గోడ పట్టుకుని రండి."